లాభంతో మొదలయ్యే లెక్క

ఇప్పుడంటే ఊరూరా కాంటాలు వచ్చాయి, రాళ్ళు వేసి తూచేస్తున్నారు గానీ, వెనకటికి ధాన్యం కొలవాలంటే ఒక మనిషి కావలసి వచ్చేది. చెయ్యి వణకని మనిషి, లెక్క తప్పని మనిషి, అన్నిటికంటే ముఖ్యంగా ఇచ్చేవాడి వైపూ పుచ్చుకునేవాడి వైపూ ఒరగని మనిషి. కోదాడకు రెండు కోసుల దూరంలో, గుట్ట కింద ఉన్న ఊరికి అలాంటి మనిషి సైదయ్య. అతని తాత కొలిచాడు, తండ్రి కొలిచాడు, అతనూ కొలిచాడు. నూర్పిళ్ళు ముగిసి కళ్ళంలో వడ్లు రాశి పోశారంటే ముందు సైదయ్యకే కబురు వెళ్ళేది. ఇనుప పట్టీ వేసిన కుంచం భుజాన పెట్టుకుని వచ్చి, తలకు గుడ్డ చుట్టుకుని, తూర్పు ముఖంగా రాశి ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ఇక అప్పటి నుంచి కొలత అయ్యేదాకా కళ్ళంలో అతను తప్ప ఎవరూ నోరు విప్పకూడదు. కుక్క మొరిగినా రైతు దాని వైపు గుడ్లురిమి చూసేవాడు.

విచిత్రం ఏమిటంటే సైదయ్య మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళాం పది మాటలంటే ఒకసారి 'ఊఁ' అనేవాడు. ఆ 'ఊఁ' అవునో కాదో ఆమెకే తెలియాలి. కుంచం చేతికి వస్తే మాత్రం అతని గొంతు ఊరవతలికి వినిపించేది. మొదటి కుంచం ఎత్తి పోస్తూ "లాభం" అనేవాడు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. ఒకటి అనే మాట మాత్రం రాశి ముందు పుట్టకూడదు. ఎందుకంటే, మొదటి మాట మంచిమాట కావాలని ఒకరు చెప్పేవారు, ఒకటి అంటే రాశి ఒంటిదై పోతుందని మరొకరు చెప్పేవారు. సైదయ్యను అడిగితే "మా నాయిన అట్లనే అన్నడు" అనేవాడు. అంతకంటే మంచి జవాబు నాకూ తెలియదు. పెళ్ళి పందిట్లో చేసే పనులన్నీ ఎందుకో తెలిసే చేస్తున్నామా!

కుంచానికి నాలుగు మానికలు, ఎనభై కుంచాలకు ఒక పుట్టి. ఇరవై కుంచాలు అయ్యేసరికి సైదయ్య మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టేవాడు, పక్కన కూర్చున్నవాడు గుర్తుగా ఒక చింతగింజ వేసేవాడు. కొలత అయ్యాక గింజలు చూసుకుని ఎన్ని ఇరవైలో లెక్క కట్టేవారు. అందరికీ పంచగా, ఇక పంచడానికి రాకుండా అడుగున నాలుగు వడ్లు మిగిలితే అవి కొలిచినవాడివి. అది ఎవరూ కాదనని ధర్మం.

సైదయ్యకు ఒక్కతే కూతురు. ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయాక, ఉప్పలమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టింది కాబట్టి ఉప్పలమ్మ అనే పేరు పెట్టారు. తల్లి ఈదమ్మ కలుపుకు వెళితే ఆ పిల్ల తండ్రి వెంట కళ్ళాలకు వచ్చేది. అయిదేళ్ళప్పుడు ఒకరోజు గురవయ్య అనే రైతు కళ్ళంలో సైదయ్య మొదటి కుంచం ఎత్తాడో లేదో, పక్కన నిలబడిన పిల్ల తనకూ లెక్క వచ్చునని సంబరపడి "ఒకటి!" అని అరిచింది. గురవయ్య ముఖం మాడిపోయింది. పొద్దున్నుంచీ చేసిన పూజంతా మట్టి అయినట్టు ఆ మనిషి రాశి పక్కన చతికిలబడ్డాడు. సైదయ్య కుంచం కింద పెట్టి, లేచి, పిల్లను చెంప మీద ఒక్కటి వేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. ఎందుకు కొట్టాడో తెలియక తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడింది. బతుకంతటిలో అతను బిడ్డ మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే. ఆ రాత్రి అన్నం ముట్టలేదు కూడా. కానీ పాఠం మాత్రం బిడ్డకు బాగా వంటబట్టింది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఏడేళ్ళ వయసులో ఉప్పలమ్మ పరిమళం ఊరందరికీ తెలిసింది. అదే గురవయ్య కళ్ళంలో భూస్వామి తరఫు గుమాస్తా చింతగింజలు వేస్తూ కూర్చున్నాడు. కొలత ముగిశాక గింజలు లెక్కపెట్టి ఎనిమిది ఇరవైలు అన్నాడు. గడ్డివాము నీడలో కూర్చుని మట్టితో బొమ్మరిల్లు కట్టుకుంటున్న పిల్ల తలెత్తకుండానే "ఏడే" అంది. గుమాస్తా కస్సుమన్నాడు. సైదయ్య కుంచం తీసుకుని రాశి మొత్తం మళ్ళీ కొలిచాడు. ఏడు ఇరవైలే. గుమాస్తా ముఖంలో కత్తివాటుకు నెత్తురు లేదు. గురవయ్య పిల్లను పిలిచి ఒడినిండా వడ్లు పోశాడు. "సైదయ్యా, నీ బిడ్డను సదివియ్యి. ఈ తెలివి కలుపు మొక్కల పాలు సెయ్యకు" అన్నాడు. సైదయ్య 'ఊఁ' అన్నాడు. ఈసారి అది అవుననే.

మరుసటి వారమే ఊళ్ళో బడిలో వేశాడు. అప్పుడు నిజాం రాజ్యం కాబట్టి చదువు ఉర్దూలో. ఉప్పలమ్మను ఒకటో జమాతులో, అంటే ఒకటో తరగతిలో రాసుకున్నారు. ఏడాది తిరగకముందే రజాకార్ల గొడవ వచ్చిపడింది. బడి మూతపడింది. ఊళ్ళో సగం మంది మూటా ముల్లే సర్దుకుని మునగాలకు వెళ్ళిపోయారు. చుట్టూ నిజాం నేల అయినా మునగాల పరగణా మాత్రం మద్రాసు వైపు లెక్క. ఒక కాలువ దాటితే చాలు, అక్కడ స్వరాజ్యం. సైదయ్య పెళ్ళాన్నీ బిడ్డనూ కుంచాన్నీ తీసుకుని ఆ కాలువ దాటాడు.

అక్కడ ఒక పందిరి కింద, ఊళ్ళు వదిలి వచ్చిన వాళ్ళ పిల్లలందరికీ బెజవాడ నుంచి వచ్చిన ఒక పంతులు తెలుగులో చదువు చెప్పేవాడు. రిజిస్టరు లేదు, తరగతులు లేవు, గంట కూడా లేదు. ఎవరికి ఎంత వస్తే అంత. ఉప్పలమ్మకు చాలా వచ్చింది. తొమ్మిది నెలల్లో గుణింతాలు దాటి, వాచకం దాటి, భాగహారాల దాకా వెళ్ళింది. ఎక్కాలు పందొమ్మిది దాకా అటు నుంచీ ఇటు నుంచీ చెప్పేది. పోలీసు యాక్షన్ జరిగి, ఊళ్ళు నెమ్మదించాక అందరూ తిరిగి వచ్చారు. ఆ పంతులు కూడా తన దారిన తాను వెళ్ళిపోయాడు.

గుట్ట కింద బడి మళ్ళీ తెరిచారు. ఇక నుంచి తెలుగులోనే చెప్పాలని పైనుంచి ఉత్తరువు. హెడ్మాస్టరు వెంకటనర్సయ్య పాత రిజిస్టరు దుమ్ము దులిపి, పేరు వెతికి, "ఉప్పలమ్మ, ఒకటో జమాతు" అని చదివి, పదేళ్ళ పిల్లను ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెట్టాడు.

సైదయ్య వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సారూ, మునగాలల శాన సదివింది."

"కాయితం ఉన్నదా?"

"పందిరి కింది బడి సారూ. కాయితాలు ఎవలిస్తరు?"

వెంకటనర్సయ్య చెడ్డవాడు కాదు. పైవాళ్ళంటే భయం, అంతే. "సూడు సైదయ్యా, పిల్లకు వస్తదని నాకెరుకే. నాకంటె జల్ది జేస్తది లెక్కలు. కాని పై తరగతిల వెయ్యాల్నంటె డబుల్ ప్రమోషన్ కావాలె. అది నా చేతుల లేదు. ఇన్‌స్పెక్టర్ సారు రావాలె, పరీక్ష జెయ్యాలె, సంతకం పెట్టాలె."

సైదయ్య ఆ మాటను నిండు కుంచంలా ఒలకకుండా ఇంటికి మోసుకొచ్చాడు. ఈదమ్మ విని పెదవి విరిచింది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఇంటి పనీ ఆమెదే, బయటి పనీ ఆమెదే. "పోరి గాడ ఏం సదువుతున్నది? పోరగాండ్ల ముక్కులు తుడుస్తున్నది. వాండ్లు దీన్ని అవ్వా అని పిలుస్తున్రట. శివరాత్రి దాక సూస్త. అప్పటికి పై జమాతుల కూసుంటె సదువనీ. లేకుంటె దూడను కాస్తది, నా ఎంబడి కలుపుకు వస్తది. మాట అంటె మాటే" అంది.

ఉప్పలమ్మ కూడా తల్లి మాటే అంది. "నన్ను పైన కూసోబెడితె పోత నాయినా. లేకుంటె ఇగ పోను. గా పిల్లలు అఆలు సదువుతుంటె నాకు నిద్రొస్తది." సరదాగా అన్న మాట కాదది. అంటున్నప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

శివరాత్రికి ఆరు రోజుల ముందు ఇన్‌స్పెక్టరుగారు కోదాడ నుంచి గుర్రపు బండిలో వచ్చారు. మద్రాసులో పుట్టి పెరిగి, కొత్తగా ఈ వైపుకు వేసిన మనిషి. నెమ్మదస్తుడే. కాకపోతే అన్నం తినడం తప్ప వడ్లు ఎలా ఉంటాయో ఎరగడు. పరీక్ష చూడటానికి సైదయ్య వచ్చి వసారాలో కిటికీ పక్కన నిలబడ్డాడు.

మొదట అంతా బాగానే జరిగింది. వాచకం ఇస్తే ఉప్పలమ్మ గడగడా చదివింది. పదిహేడు ఎనిమిదులు అడిగితే ఆయన నోరు మూసేలోపు నూట ముప్పై ఆరు అంది. పలక మీద భాగహారం ఇస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకునేలోపు చేసి చూపించింది. ఇన్‌స్పెక్టరుగారు ముచ్చటపడి హెడ్మాస్టరు వైపు తిరిగి, "ఈ అమ్మాయిని నాలుగులో కూర్చోబెట్టినా తప్పులేదండీ" అన్నారు. కిటికీ పక్కన సైదయ్య కాళ్ళు నేలమీద లేవు.

అక్కడితో లేచి వెళ్ళిపోయినా ఎంతో బాగుండేది. కానీ ఆయనకు చివరలో ఒక సరదా పుట్టింది. చిన్నపిల్లలు లెక్కపెట్టుకోవడానికి మూలన బుట్టలో పెట్టిన చింతగింజలు కనిపించాయి. ఒక దోసెడు తెచ్చి నేలమీద కుప్పగా పోసి, "ఏదీ, ఇవి ఎన్ని ఉన్నాయో పైకి లెక్కపెట్టి చెప్పమ్మా, చూద్దాం" అన్నారు.

ఉప్పలమ్మ కుప్ప చుట్టూ సగం తిరిగి తూర్పు ముఖంగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఓణీ చెంగు తలకు చుట్టుకుంది. మొదటి గింజ తీసి పక్కన పెడుతూ, అచ్చం తండ్రి గొంతుతో "లాభం" అంది.

"ఏమిటీ?"

"లాభం."

బడి బడంతా గొల్లుమంది. కళ్ళంలో ఎప్పుడూ వినే మాటే అయినా బడిలో వినేసరికి పిల్లలకు నవ్వాగలేదు. ఇన్‌స్పెక్టరుగారి ముఖం మారింది. "ఒకటి అనమ్మా" అన్నారు. ఉప్పలమ్మ నోరు మెదపలేదు. "అంకెల్లో మొదటిది ఏమిటి? ఒకటి అనడం రాదా?" కుప్ప మీదే చూపు పెట్టి రాయిలా కూర్చుంది. ఆయన మూడోసారి కూడా అడిగారు. నాలుగోసారి అడగలేదు. "బట్టీ పట్టించారన్నమాట" అని నిట్టూర్చి, కాగితం తీసి, అంకెల జ్ఞానం లేదనీ, ఒకటో తరగతిలోనే ఉంచవలసిందనీ రాసుకున్నారు.

లాభం అంటే ఏమిటో వెంకటనర్సయ్యకు తెలియదా? తెలుసు. నాలుగెకరాల మాగాణి ఉన్న మనిషి, ఏడాదికి రెండుసార్లు తన కళ్ళంలోనే వినేవాడు. పెద్దసారు ముందు నోరు పెగల్లేదు. సరే, ఆయన్ని అని ఏం లాభం? కన్నతండ్రి కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు కదా. సైదయ్య కిటికీ ఊచ పట్టుకుని, పెదవులు రెండుసార్లు కదిపాడు. మాట బయటికి రాలేదు. గుర్రపు బండి గజ్జెల చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది.

తండ్రీ కూతుళ్ళు ఇంటిదారి పట్టారు. సగం దారిలో సైదయ్యే అడిగాడు. "బిడ్డా, ఒకటి అంటె ఏమైతుండె?"

"రాశి పోసిండు గద నాయినా" అంది ఉప్పలమ్మ. "రాశి ముంగట ఒకటి అంటె..." అని ఆపేసింది. చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి వెళ్ళింది.

సైదయ్య అక్కడే ఆగిపోయాడు. అయిదేళ్ళ కిందటి దెబ్బ. బిడ్డ చెంప మీద అది ఇంకా ఉంది. అతను తన బతుకులో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. ఒకరు చేసిన తప్పుకు మరొకరికి శిక్ష పడిందంటారు. ఇక్కడ తాను కొట్టినందుకు బిడ్డకు చదువు పోతోంది. 

మర్నాడు తెల్లవారగానే కుంచం భుజాన పెట్టుకుని బయలుదేరాడు. "బిడ్డను తయారు జెయ్యి. సూర్యాపేట పోతున్నం, పరీక్ష జేసిన సారు కాడికి" అన్నాడు పెళ్ళాంతో.

"కుంచమెందుకు?" అంది ఈదమ్మ.

"అది లేకుంటె నేను ఎవలనో ఆయనకెట్ల తెలుస్తది?"

ఈదమ్మ మొగుడి ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా నాలుగు జొన్నరొట్టెలూ పచ్చడీ గుడ్డలో కట్టి ఇచ్చింది. శివరాత్రి ఇంకా అయిదు రోజులు ఉందన్న మాట మాత్రం గుర్తు చేసింది.

కోదాడ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, మధ్యాహ్నానికి సూర్యాపేటలో దిగారు. ఇన్‌స్పెక్టరుగారి బంగళా కావలివాడు రెడ్యా వాళ్ళను ఎగాదిగా చూసి, "ఇన్‌స్పెక్టర్ సాబ్ పొద్దుగాలనే మిర్యాలగూడెం పాయె. రెండు దినాలు గాడనే ఉంటడు. ఆనెంక నల్లగొండ బోతడు" అన్నాడు. ఇంకెవరైనా అయితే అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేవారు. సైదయ్య మార్కెట్లోకి వెళ్ళాడు. అక్కడ ధాన్యం కొలిచేవాళ్ళ గొంతులు నాలుగు వైపుల నుంచీ లాభం, లాభం అని వినిపిస్తుంటే ఉప్పలమ్మ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిర్యాలగూడ వైపు ఖాళీ బండి తోలుకుపోతున్న మంగ్త్యా అనే బండివాడు సైదయ్య భుజం మీది కుంచం చూసి, "రా మామా, కూసో. కొలిచేటోడు బండెక్కితె మంచిది" అని ఎక్కించుకున్నాడు. మర్నాడు పొద్దెక్కేసరికి మిర్యాలగూడ చేరారు.

ఇన్‌స్పెక్టరుగారు బంగళా వరండాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నారు. మెట్ల కింద భుజాన కుంచం ఉన్న మనిషినీ, పక్కన దుమ్ముకొట్టుకుపోయిన పిల్లనూ చూసి గ్లాసు దించారు. "ఈ అమ్మాయి... కోదాడ దగ్గర బడిలో..."

"నా బిడ్డ సారూ" అన్నాడు సైదయ్య. కుంచం కింద పెట్టాడు. ఇక ఆ తర్వాత అతను మాట్లాడిన మాటలు, అంతకు ముందు పదేళ్ళలో మాట్లాడినవన్నీ కలిపినా అన్ని ఉండవు.

"నేను వడ్లు కొలుస్త సారూ. మా కొలతల ఒకటి అని అనం, లాభం అంటం. మా తాతలనుంచి గంతే. ఇది అయిదేండ్ల పోరి అప్పుడు రాశికాడ ఒకటి అన్నది. నేను కొట్టిన. తెల్వని పోరిని కొట్టిన. మొన్న మీరు గింజలు కుప్ప బోసిన్రు. దానికి కుప్ప అంటె రాశే. ఒకటి అంటె మల్ల నేను కొడతనని బుగులు. దానికి ఒకటి రాక కాదు సారూ. తప్పు నాది. శిచ్చ ఏస్తె నాకెయ్యున్రి. నేనేమన్న సదువుకునేటోన్నా, నన్ను ఏ జమాతుల కూసోబెట్టినా ఒకటే. దాన్ని మాత్రం ఆడ కూసోబెట్టకున్రి. శివరాత్రి పోతె ఇగ అది బడి మొకం సూడది."

ఇన్‌స్పెక్టరుగారు పిల్లను దగ్గరికి పిలిచారు. "అంకెల్లో మొదటిది ఏమిటమ్మా?"

"ఒకటి సార్."

"మరి నేను మూడుసార్లు అడిగాను కదా. లాభం ఎందుకన్నావో ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"రాశి ముంగట మాట్లాడొద్దు సార్" అంది ఉప్పలమ్మ. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు ఆయన వైపు చూసింది.

ఆయన కాఫీ గ్లాసు పక్కకు జరిపారు. కుంచం వైపు చూసి, అందులో ఎన్ని మానికలు పడతాయో, పుట్టికి ఎన్ని కుంచాలో సైదయ్యను అడిగి తెలుసుకున్నారు. కాగితం మీద ఏదో గీసుకుని, "సరే, ఇది చెప్పు. మూడు పుట్ల ఏడు కుంచాల వడ్లు ఉన్నాయి. అయిదుగురు అన్నదమ్ములు సమంగా పంచుకోవాలి. తలా ఎంత?" అన్నారు. పలక ఇవ్వబోయారు. ఉప్పలమ్మ తీసుకోలేదు. ఒకసారి పైకి చూసి, ఒకసారి కుంచం వైపు చూసింది.

"తలా నలబయి తొమ్మిది కుంచాలు, ఒక మానిక. ఇంక మూడు మానికలు మిగులుతయి సార్."

ఆయన కాగితం మీద లెక్క చేసి చూసుకున్నారు. కాస్త సమయం పట్టింది. "సరిగ్గా చెప్పావు. మరి ఆ మిగిలిన మూడు మానికలూ ఏం చెయ్యాలి? అయిదుగురికీ రావుగా."

"అవి మా నాయినవి" అంది ఉప్పలమ్మ. "మిగిలినయి కొలిచినోనివి సార్."

ఇన్‌స్పెక్టరుగారు పకపకా నవ్వారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు తగ్గాక సైదయ్య వైపు తిరిగి, "ఈ లాభం సంగతి మీ హెడ్మాస్టరుకు తెలుసా?" అని అడిగారు. వెంకటనర్సయ్య మీద నాలుగు రాళ్ళు వేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు. సైదయ్య నేల చూపులు చూస్తూ, "ఆ సారుకు పని శాన సారూ" అన్నాడు. ఇద్దరిలో ఎవరి వైపూ ఒరగని మనిషని మొదటే చెప్పాను కదా.

తన పెట్టె అడుగున ఉన్న కాగితం బయటికి తీసి, ఇన్‌స్పెక్టరుగారు మొన్న రాసిన రెండు వరుసలూ కొట్టేశారు. "తప్పు నీది కాదయ్యా, అమ్మాయిది అంతకన్నా కాదు. వచ్చిన చోటి లెక్క తెలుసుకోకుండా లెక్క అడిగాను" అంటూ కింద కొత్తగా రాశారు. ఒకటి నుంచి నేరుగా మూడుకు. ఎండాకాలం పరీక్షలో నెగ్గితే నాలుగుకు. సంతకం పెట్టి, మరో కాగితం మీద అదే నకలు రాసి సైదయ్య చేతికి ఇచ్చారు. సైదయ్యకు చదవడం రాదు. అయినా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, కుంచం అడుగున పెట్టి, దాని మీద గుడ్డ కప్పాడు. వంగి దండం పెట్టాడు.

తిరుగుదారిలో హుజూర్‌నగర్ వైపు రోడ్డు పట్టుకున్నారు. ఏదైనా బండి దొరికేదాకా నడుద్దామని. ఎండ ఇంకా ముదరలేదు. కోతలు అయిపోయిన మళ్ళల్లో గొర్రెలు మేస్తున్నాయి. ఉప్పలమ్మ ముందు ముందు నడుస్తూ, మూడో తరగతిలో ఎవరెవరు ఉంటారో, తాను ఏ గోడ పక్కన కూర్చోవాలో చెప్పుకుపోతోంది. సైదయ్య వింటున్నాడు, కానీ మనసు అక్కడ లేదు. కాగితం వచ్చింది. ఈదమ్మ ఇక కాదనదు. అయినా లెక్కలో ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంది.

ఊరు దాటాక మొదటి మైలురాయి వచ్చింది. సున్నం కొట్టిన రాయి, రోడ్డు పక్కన. సైదయ్య ఆగాడు.

"బిడ్డా, ఇంటికి పోయేదాక రాళ్ళు లెక్కపెడదామా?"

ఉప్పలమ్మ రాయి దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. తండ్రి భుజం మీది కుంచం వైపు చూసింది. ఆ చూపు సైదయ్యకు అర్థమైంది. కుంచం దించి, గుడ్డ కింది కాగితం తీసి రొంటిన దోపుకుని, కుంచాన్ని నేలమీద బోర్లించాడు. తలగుడ్డ విప్పేశాడు. రాయికి ఎదురుగా నిలబడి, ముప్పై ఏళ్ళు కళ్ళాల్లో పలికిన అదే గొంతుతో, గొర్రెలు తలెత్తి చూసేలా అరిచాడు.

"ఒకటి!"

ఉప్పలమ్మ బిత్తరపోయి చూసింది.

"నేనంటె ఏం గాలే, సూసినవా?" అన్నాడు. "నాడు కొట్టిన బిడ్డా. కొట్టకుండ ఉండాల్సింది. ఇగ నువ్వు అను."

ఉప్పలమ్మ రాయి మీద అరచెయ్యి ఆనించింది. మెల్లగా, తనకు మాత్రమే వినపడేలా "ఒకటి" అంది. తండ్రి కదల్లేదు. మరోసారి కాస్త గట్టిగా అంది. మూడోసారి అయిదేళ్ళనాడు గురవయ్య కళ్ళంలో అరిచినట్టే అరిచింది. అరిచి, నవ్వుతూ తండ్రి ముఖంలోకి చూసింది.

ఈసారి ఆ పిల్ల చెయ్యి చెంప మీదికి వెళ్ళలేదు. రాయి మీదే ఉంది.